నోరులేని దానికీ సంబంధం చూడాలి

ఫ్రీమాంట్‌లోని మన తెలుగు ఇళ్లలో కుక్క ఇంటి మనిషే. నీళ్లలో పడిన వేటపక్షిని నోట కరిచి తెచ్చే పనికి తీర్చిదిద్దిన జాతి లాబ్రడార్. ఎలిజబెత్ చెరువు గట్టున దాని ఉరుకు చూస్తే, దీనికి పిల్లలు పుడితే బాగుండు అనిపించడం సహజమే. కానీ ఏడాది నిండగానే జత కట్టించడం తప్పని నా గట్టి నమ్మకం. 1966లో మొదలైన ఆర్థోపెడిక్ ఫౌండేషన్ ఫర్ యానిమల్స్, 24 నెలలు నిండనిదే తుంటి కీళ్లకు తుది ధ్రువీకరణ ఇవ్వదు. కీలు సరిగా కుదరని లోపం లేతవయసులో పైకి తెలియకపోవచ్చు, ఎక్స్‌రే తీయించాల్సిందే. గట్టిగా పరుగెత్తాక వెనక కాళ్లు తూలి కూలిపోయే జబ్బు మరొకటి. దాని వెనకున్న జన్యులోపాన్ని మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో వెల్లడించారు. ఆ లోపం ఒక్కో ప్రతి చొప్పున మోసే తల్లీతండ్రీ ఆరోగ్యంగానే కనిపిస్తాయి. వాటికి పుట్టే ప్రతి పిల్లకూ రెండు వైపులనుంచీ ఆ లోపం సంక్రమించే అవకాశం నాలుగింట ఒక వంతు. జన్యుపరీక్ష చేయిస్తే ముందే తెలుస్తుంది. పెళ్లి సంబంధమంటే అటు ఏడుతరాలు, ఇటు ఏడుతరాలు ఆరా తీసే మనం, నోరులేని ప్రాణి కోసం రెండేళ్లు ఆగలేమా? నొప్పి పడేది అది. నిర్ణయం మాత్రం మనది. పరీక్షలో లోపం తేలితే పిల్లల ఆశ వదులుకోవడమే దానిపై నిజమైన ప్రేమ.