ఫోనుకు తెలుగు రాదా, మనకు అడగడం రాదా?

మన హోసూరు చుట్టుపక్కల ఎవరింట్లోనైనా కొత్త ఫోను కొనాలంటే వారం రోజులు చర్చ జరుగుతుంది. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్ళు, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, మెమరీ ఎంత, ఆఫర్ ఏమన్నా ఉందా అని పది అంగళ్ళు తిరుగుతారు. "ఇందులో తెలుగు బాగా రాయొచ్చునా?" అని మాత్రం అడగరు. ఇది తప్పు అని నేనంటాను. తెలుగువాళ్ళు ఫోను కొనేటప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే.

ఎందుకంటే మనం ఉండేది తమిళనాడులో. బస్సు బోర్డు తమిళం. అంగడి బోర్డు తమిళం, ఇంగ్లీషు. 2006లో వచ్చిన చట్టం ప్రకారం బళ్ళో తమిళం నేర్చుకుంటున్నాం. ఉన్న ఊరి భాష నేర్చుకోవడం మంచిదే, దాని మీద నాకు కోపం లేదు. కానీ బడి గేటు దాటినాక మనం తెలుగు రాసే చోటు ఏది? జాబులు రాసే కాలం పోయింది. మిగిలింది ఫోను ఒక్కటే. అక్కడ కూడా తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే, ఇన్నేండ్లు దిద్దిన గుణింతాలు, ఒత్తులు ఎందుకు?

ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే అర్థం కూడా చెడుతుంది. కె, ఏ, రెండు ఎల్‌లు, యు అని కొడితే అది కళ్ళా, కాళ్ళా, కల్లా? తాతకు నొప్పి ఎక్కడో తెలియక చదివేవాళ్ళు తిరిగి ఫోను చేయాల్సిందే.

"తెలుగు టైపు చేస్తే లేటు" అంటారు. మొదటి వారం లేటే. ఇంగ్లీషు మాత్రం పుట్టగానే వేగంగా కొట్టినామా? ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషుకు 160 అక్షరాలు పడితే తెలుగుకు 70 గుర్తులే పడతాయి. అందులో "శ్రీ" ఒక్కటే నాలుగు గుర్తుల లెక్క. డబ్బు మిగలాలని అప్పటివాళ్ళు ఇంగ్లీషు అక్షరాలు వాడినారంటే న్యాయం ఉంది. వాట్సాప్‌లో ఆ లెక్కే లేదు. కారణం పోయింది, అలవాటు మాత్రం పోలేదు.

"చవక ఫోన్లో తెలుగు ఉండదు" అనేది ఇంకో మాట. ఫోన్లు అక్షరాలను గుర్తుపట్టే యూనికోడ్ పట్టికలో తెలుగుకు 1991 నుంచే చోటుంది. మన దేశంలో అమ్మే ఫోన్లలో 22 భారతీయ భాషలూ చదవడానికి వీలుండాలని కేంద్ర ప్రభుత్వం 2016లోనే ఆదేశించింది. ఫోనుకు తెలుగు వచ్చు. అడగడమే మనకు రాదు.

"సెట్టింగులు తెలుగులో పెడితే ఏమీ అర్థం కాదు" అనేది కొంతవరకు నిజం. అక్కడ ఉండేది మనం మాట్లాడే తెలుగు కాదు. కానీ ఫోనంతా మార్చమని నేను చెప్పడం లేదు. కీబోర్డు మారిస్తే చాలు.

కాబట్టి అంగట్లో డబ్బు కట్టే ముందు మూడు పనులు చేయండి. ఒకటి, కీబోర్డు భాషల్లో తెలుగు చేర్చి "జ్ఞానం, క్షేత్రం, స్త్రీ" అని కొట్టండి. ఒత్తులు విడిపోయి కనబడితే ఆ ఫోను వద్దు. రెండు, అక్షరాల సైజు పెంచి చూడండి. అవ్వాతాతలు కళ్ళద్దాలు లేకుండా చదవగలగాలి, కింది ఒత్తులు తెగిపోకూడదు. మూడు, కీబోర్డులో మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడండి. రాయడం రాని అవ్వ కూడా మెసేజ్ పంపొచ్చు.

"పిలకాయలు" అని మన ఊరి మాట కొడితే కింద ఎర్రగీత రావచ్చు. భయపడి మాట మార్చుకోవద్దు. ఆ మాటను ఫోను డిక్షనరీలో చేర్చండి, మరుసటిసారి అదే ముందుకొచ్చి చూపిస్తుంది. మన మాట తప్పు కాదు, దానికి ఎవరూ చెప్పలేదు అంతే.

చివరగా అయ్యవార్లకు, అమ్మానాన్నలకు ఒక మనవి. పిలకాయలకు తెలుగు రావడం లేదని బాధపడే ముందు, తరగతి గ్రూపులో "రేపు సెలవు" అనే రెండు మాటలు తెలుగు అక్షరాల్లో పెట్టండి. మేము తెలుగులోనే జవాబు ఇస్తాం.

– పదవ తరగతి విద్యార్థిని