తలంబ్రాలు ఎత్తే యంత్రం

తణుకు దగ్గర మా బావకి ఓ ఫంక్షన్ హాలు ఉంది. ముహూర్తాలు జోరుగా ఉన్న రోజుల్లో పగలు ఒక పెళ్ళి, రాత్రి ఇంకొకటి. పగటి పెళ్ళివారు సామాన్లు సర్దుకుని బస్సెక్కేసరికి సాయంత్రం నాలుగవుతుంది. ఐదింటికల్లా రాత్రి పెళ్ళి డెకరేషన్ కుర్రాళ్ళు పూలబస్తాలతో దిగిపోతారు. ఆ గంటలో వేదిక మీది ఎర్ర తివాచీ, నడవ తివాచీ, మెట్లు, విడిది గదులు, అన్నీ ఇంతవరకూ ఎవరూ కాలు పెట్టనట్టు కనబడాలి. ముగ్గురు ఆడవాళ్ళు చేస్తారు ఆ పని. పెళ్ళివారికి అది కళ్యాణ మండపం. ఈ ముగ్గురికీ మాత్రం రోజూ డ్యూటీకి వచ్చే చోటు.

పెళ్ళయ్యాక తివాచీ మీద ఏముంటుందో చూడాలంటే ఫొటోగ్రాఫరు కూడా వెళ్ళిపోయాక చూడాలి. పసుపు కలిపిన బియ్యం. వాటిలో ఈ మధ్య కలుపుతున్న థర్మోకోల్ పూసలు. గొట్టం పేలిస్తే ఎగిరిపడే మెరుపు కాగితాలు, నలిగిన గులాబీ రేకులు, హోమం బూడిద, పిన్నీసులు. చీపురుతో ఊడిస్తే బియ్యం తివాచీ నూగులోకి ఇంకా దిగుతాయి, మెరుపు కాగితాలు చీపురుకే అంటుకుంటాయి, పసుపు మాత్రం లేచి ఊడ్చేవాళ్ళ ముక్కులోకి పోతుంది.

అందుకని శ్రావణంలో మా బావ వ్యాక్యూమ్ క్లీనర్ కొన్నాడు. పండగ ఆఫర్లో, 7,500 రూపాయలకి. అట్టపెట్టె మీద ఇంతేసి అక్షరాలతో 2000 వాట్లు అని ఉంది. "మనింట్లో మిక్సీ 750 వాట్లే బావా, ఇదైతే తివాచీని కూడా లాగేస్తుంది" అన్నాడు ఫోనులో. కార్తీకంలో ఓ రాత్రి పెళ్ళికి ముందు అది వేడెక్కి, కాలిన వాసనేసి, ఆగిపోయింది. మెకానిక్ విప్పితే లోపలంతా పసుపు ముద్ద. వారంటీ కార్డు వెనకాల చీమతలకాయంత అక్షరాల్లో ఉంది: వ్యాపార అవసరాలకి వాడితే వారంటీ వర్తించదు. బావ దుకాణదారుణ్ణి తిట్టాడు. దుకాణదారుడు హాలు అని మీరు చెప్పలేదుగా అన్నాడు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది.

అసలు జరిగిందేమిటంటే, ఇళ్ళల్లో వాడే చాలా యంత్రాల్లో దుమ్ముతో పాటు లోపలికి వచ్చిన గాలే, ఫిల్టరు దాటి, మోటారు మీదుగా బయటికి పోతుంది. మోటారుని చల్లబరిచేదీ ఆ గాలే. పసుపులాంటి మెత్తటి పొడి ఫిల్టరుని పూడ్చేస్తే గాలి తగ్గుతుంది, మోటారుకి ఊపిరాడదు, వైండింగ్ కాలుతుంది. రోజంతా పనిచేయడానికి చేసిన యంత్రాల్లో మోటారుని చల్లార్చడానికి వేరే చిన్న ఫ్యాను, వేరే గాలి దారి పెడతారు. ఫిల్టరు మూసుకుపోయినా, లోపలికి తడి గాలి వచ్చినా మోటారు అంత తొందరగా చావదు. దుకాణంలో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: మోటారుకి గాలి వేరేగా అందుతుందా? సేల్స్‌మన్ తడబడ్డాడంటే ఇంకో దుకాణం చూసుకోవచ్చు.

వాట్ల సంగతి. అది యంత్రం తాగే కరెంటు లెక్క. ఎంత తింటాడో చూసి పనివాణ్ణి పెట్టుకోం కదా. యూరోపియన్ యూనియన్ 2014 సెప్టెంబరు నుంచి 1600 వాట్లు, 2017 సెప్టెంబరు నుంచి 900 వాట్లు దాటిన ఇంటి యంత్రాలని అమ్మకానికే రానివ్వడం మానేసింది. అక్కడి తివాచీలేమీ మురికిపట్టిపోలేదు. చూడాల్సినవి రెండు. ఒకటి, ఎంత గట్టిగా పీలుస్తుంది. దాన్ని ఎన్ని మిల్లీమీటర్ల నీటిని పైకి లాగగలదు అన్న లెక్కలో చెబుతారు, కొబ్బరిబొండాంలో స్ట్రా వేసి పీల్చినట్టన్నమాట. రెండోది, సెకనుకి ఎన్ని లీటర్ల గాలి కదిలిస్తుంది. పీల్పు ఎంతున్నా గాలి పారకపోతే నూగులోంచి లేచిన గింజ గొట్టం చివరిదాకా ప్రయాణం చేయదు. ఈ రెండు అంకెలూ కాగితం మీద ఇవ్వని కంపెనీ వాట్లని పెద్దక్షరాలతో వేస్తోందంటే కారణం ఊహించుకోవచ్చు.

ఇక కార్బన్లు. మోటారు లోపల తిరిగే ఆర్మేచరుకి కరెంటు అందించే రెండు చిన్న బొగ్గు ముక్కలవి. రాసుకుంటూ అరిగిపోవడమే వాటి పని. 700 గంటలు వస్తాయనుకుందాం. ఇంట్లో వారానికి రెండుసార్లు, ఇరవయ్యేసి నిమిషాలు వాడితే ఏడాదికి 35 గంటలు. ఇరవై ఏళ్ళు కార్బన్ల ఊసే ఉండదు. అదే ఆఫీసులో రోజుకి మూడు గంటలు, ఏడాదికి 300 రోజులు వాడితే 900 గంటలు. ఏడాది తిరక్కుండానే మార్చాలి. మార్చాలన్న సంగతి ఎవరికీ తెలియకపోతే అరిగిన కార్బన్లు ఆర్మేచరుని గీరి పాడుచేస్తాయి. అప్పుడు యాభయ్యో వందో పెట్టి పోవాల్సింది వేలల్లో తేలుతుంది. రోజంతా ఆపకుండా తిప్పే ఫ్యాక్టరీలకి కార్బన్లే లేని మోటార్లు ఉన్నాయి గానీ ఆ ధర మా బావ గుండెకి మంచిది కాదు.

బావ నన్ను పిలిపించాడు, పేపర్లో రాసేవాడికి అన్నీ తెలుస్తాయన్న పాత అపోహతో. నేను వెళ్ళి, ముగ్గురిలో పెద్దావిడ దగ్గర కూర్చున్నాను. ఆ యంత్రం ఎలా పనిచేసింది అని ఆవిడని అప్పటిదాకా ఎవరూ అడగలేదట.

"చీపురే నయమండి బాబుగారూ. అది గోల పెడతదండి గానీ గింజ ఎత్తదండి. గొట్టం పొట్టిదండి, వంగి వంగి నడుం పోయిందండి. సంచి దులిపితే పసుపంతా మా మొహానే అండి."

ఆవిడ చెప్పిన నాలుగు ముక్కలూ ఏ కంపెనీ కాగితంలోనూ కనబడవు. చేతిలో పట్టుకునే గొట్టం పొడవు మార్చుకునే వీలుండాలి, ఐదడుగులు లేని మనిషి, ఆరడుగుల మనిషి ఒకే గొట్టంతో పనిచేయలేరు. కింద తిరిగే బ్రష్షుతో నిలువుగా తోసే యంత్రాలు తివాచీకి బాగుంటాయి గానీ, చీర కుచ్చిళ్ళు ఆ బ్రష్షులో చిక్కుకునే ప్రమాదముంది. ప్యాంటు వేసుకునే దేశాల్లో ఎవరికీ తట్టని ప్రశ్న ఇది. మెట్లెక్కించాలంటే బరువు ఖాళీగా ఉన్నప్పటిది కాకుండా నిండినప్పటిది చూడాలి. కాగితం సంచి నిండాక పారేసేది. యజమానులు దాన్నే దులిపి మళ్ళీ పెట్టమంటారు (మా బావ పెట్టించాడు). రంధ్రాలు పూడిన సంచి పీల్చదు సరికదా, దులిపే మనిషి ఊపిరితిత్తుల్లోకి ఆ దుమ్మంతా పోతుంది. హెచ్13 తరగతి హెపా ఫిల్టరు పట్టడానికి అత్యంత కష్టమైన సన్నటి నలుసుల్ని కూడా 99.95 శాతం ఆపుతుంది. బాగుంది. కానీ ఆ పట్టిన దుమ్ముని ఒట్టి చేతులతో దులిపించాక ఆ శాతం ఎవరికి పనికొచ్చినట్టు?

ఈ యంత్రం పుట్టుకే చీపురు పట్టిన మనిషి దగ్గుతో ముడిపడి ఉంది. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు చేసిన మొదటి పీల్పు యంత్రం గుర్రబ్బండి మీద వచ్చేది. వీధిలో నిలిపి, పొడవాటి గొట్టాలు కిటికీల్లోంచి గొప్పవాళ్ళ ఇళ్ళల్లోకి వేసేవారు. మనిషి చేత్తో తోసుకుపోయే కరెంటు యంత్రాన్ని జనం వాడకంలోకి తెచ్చిన వాడు జేమ్స్ ముర్రే స్పాంగ్లర్. అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ ఊళ్ళో ఒక పెద్ద దుకాణంలో రాత్రిళ్ళు ఊడ్చే పనివాడు. ఉబ్బసం. తివాచీల దుమ్ముకి రోజూ ఆయాసం. ఫ్యాను మోటారు, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి తనకోసం తనే ఒకటి కట్టుకున్నాడు. 1908లో పేటెంట్ వచ్చింది. పెట్టుబడి లేక హక్కుల్ని తోలు సరుకుల వ్యాపారి విలియం హూవర్‌కి అమ్ముకున్నాడు. తరవాత ఇంగ్లండులో తుడిచే పనికే హూవర్ అన్న పేరు స్థిరపడింది. స్పాంగ్లర్ పేరు మీరు ఇవాళే విని ఉంటారు.

మన ఆఫీసుల్లో కొనుగోలు ఎలా జరుగుతుందో నాకు కొంత తెలుసు. మూడు కొటేషన్లు తెప్పిస్తారు. తక్కువ ధర కోట్ చేసినవాడికి, అంటే ఎల్‌1కి, ఆర్డరు వెళుతుంది. ఆ ఫైలు మీద సంతకం చేసినవాళ్ళెవరూ జన్మలో ఆ గొట్టం పట్టుకోరు. ఊడ్చేవాళ్ళు ఏజెన్సీ మనుషులు, వాళ్ళని అడిగే గడి ఆ ఫారంలో లేదు. ఏడాదిలో యంత్రం స్టోర్ రూములో పాత ఫ్యాన్ల పక్కన చేరుతుంది, చీపురు తిరిగొస్తుంది, ఆడిటు పేచీ ఏమీ రాదు. ఎందుకంటే కొన్నది తక్కువకే కదా! కొటేషన్‌లోనే కార్బన్లు, గొట్టం, సంచులు, ఫిల్టరు ఒక్కోటి ఎంతో, ఐదేళ్ళపాటు ఇస్తారో లేదో రాయించుకుంటే సగం యంత్రాలు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. వైరు తెగితే నాలుగు స్క్రూలు విప్పి మార్చుకోగలమా, లేక మొత్తం మూత పగలగొట్టాలా అన్నది కూడా అక్కడే చూసుకోవాలి. మన దగ్గర ముందు చచ్చేది వైరే. చాలామంది యంత్రాన్ని వైరు పట్టుకునే లాక్కెళతారు.

మాఘంలో ముహూర్తాలు మొదలవగానే రెండు కంపెనీల వాళ్ళని హాలుకే పిలిచాం. మొదటి కుర్రాడు తనతో తెచ్చుకున్న తెల్లపొడి తివాచీ మీద చల్లి, ఒక్క తోపుతో మాయం చేసి, చప్పట్ల కోసం చూశాడు. పెద్దావిడ ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి, పొద్దుటి పెళ్ళిలో మిగిలిన తలంబ్రాల పళ్ళెం తెచ్చింది. గుప్పెడు చల్లి, చెప్పుతో రెండుసార్లు నూగులోకి తొక్కింది. మెరుపు కాగితాలు, తడి గులాబీ రేకులు కూడా వేసింది. కుర్రాడి యంత్రం బియ్యం తీసింది గానీ తడిరేకు గొట్టం మలుపులో అడ్డంపడి, మోత మారిపోయింది. రెండోది ముదురు నీలం డ్రమ్ము, చూడ్డానికి మొరటుగా ఉంది, 1200 వాట్లే. మూడు తోపుల్లో మొత్తం ఎత్తేసింది. ధర 22,000. బావ మొహం చూడాల్సింది.

"మీరు చెప్పండమ్మా" అన్నాను.

ఆవిడ డ్రమ్ముని ఓసారి ఎత్తి చూసింది. సంచి తనే తీసి తనే పెట్టింది. తరవాత వైరు విప్పుకుంటూ గోడ దగ్గరున్న సాకెట్ నుంచి వేదిక అవతలి మూల దాకా నడిచింది. రెండు మూరలు చాల్లేదు. అక్కడే నిలబడి, వైరు కొస చేత్తో పట్టుకుని, మా బావ వైపు చూసింది.

బావ ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశాడు.