గృహిణి అంటే ఏ పని చేసే మనిషి?

పెళ్ళికి లెక్క వేసేవాళ్ళు పందిరి, భజంత్రీలు, భోజనాలు, పట్టుచీరెలు అన్నీ రాస్తారు. పెళ్ళయిన మర్నాటినుంచి పదహారు రోజుల పండుగ దాకా అయ్యే ఖర్చు మాత్రం ఎవరూ రాయరు. తీరా అది నెత్తిన పడ్డాక చేబదుళ్ళకు పరిగెత్తుతారు. ఆపరేషన్ల విషయంలోనూ మన లెక్క ఇలాగే వుంటుంది. డాక్టరుకు ఎంత, గదికి ఎంత, మందులకు ఎంత అని అడుగుతాం. తిరిగి పనిలోకి ఎప్పుడు దిగాలి, ఆ పని ఎటువంటిది, అంతవరకూ దాన్ని ఎవరు చేస్తారు? ఈ మూడు ప్రశ్నలూ అడగం. జబ్బుకు చేయించుకున్న ఆపరేషనయితే ఇంట్లో నలుగురూ జాలిపడి ఎలాగో సర్దుకుంటారు. అందం కోసం చేయించుకున్నదయితే ఆ జాలి కూడా వుండదు.

మార్టూరు దగ్గర వూరినుంచి ఒక సోదరి రాసిన వుత్తరమే ఈ వారం నాచేత ఇదంతా రాయిస్తూంది. పేరు వెయ్యవద్దన్నది, వెయ్యను. ఆమెకు ముప్పయి రెండేళ్ళు. ఇద్దరు పిల్లలు, రెండూ ఆపరేషను కానుపులే. రెండో కానుపు తరువాత పొట్ట సాగి వేలాడిపోయింది. ఎన్ని కసరత్తులు చేసినా లోపలికి పోలేదు. మాఘమాసంలో తమ్ముడి పెళ్ళి వుంది. పుట్టింటివారు ఇచ్చిన డబ్బుతో, సంక్రాంతికి ముందు, ఒక పెద్ద వూళ్ళో పొట్ట తగ్గించే ఆపరేషను చేయించుకున్నది. ఇప్పుడు మూడో వారం నడుస్తూంది. ఇంట్లో నాలుగెకరాల మిరప. కోతకు వచ్చింది. కూలీలు సమయానికి దొరకటం లేదు. "కుట్లు మానాయిగా, ఇంకా మంచం ఏమిటి?" అని అత్తగారు. "అక్కయ్యా, నేను కోతకు వెళ్ళవచ్చునా, టిక్కీ ఎత్తవచ్చునా?" అని ఆమె ప్రశ్న.

మార్టూరు ఎక్కడో తెలియనివారికి ఒక మాట. మద్రాసు-కలకత్తా రహదారి మీద, 2022 దాకా ప్రకాశం జిల్లాలోనూ ఆ తరువాత బాపట్ల జిల్లాలోనూ వున్న వూరు. చుట్టూ నల్లరేగడి. పత్తి, మిరప. వూరి దగ్గర గ్రానైటు రాళ్ళు కోసి మెరుగుపెట్టే ఫ్యాక్టరీలు. కాయకష్టం లేనిదే పూటగడవని ప్రాంతం. అక్కడ 'టిక్కీ' అంటే మిరపకాయలు తొక్కి నింపిన గోనెసంచి. నలభై కిలోలకు తక్కువ వుండదు.

ఆ వుత్తరంలో ఒక చిన్న సంగతి నా కంటికి ఆనింది. ఆసుపత్రిలో నింపిన అచ్చుకాగితం మీద 'వృత్తి' అన్నచోట ఎవరో 'గృహిణి' అని రాశారట. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు, "రెండు వారాలయ్యాక తేలికపాటి ఇంటిపని చేసుకోవచ్చు, బరువులు మాత్రం ఎత్తకండి" అన్నారట. ఆయన తప్పేమీ చెప్పలేదు. గృహిణి అన్నమాట చదవగానే ఆయన కళ్ళకు గ్యాసు పొయ్యి, మిక్సీ, కుళాయి కనిపించి వుంటాయి. ఈమె ఇంట్లో ఇంటిపని అంటే తెల్లవారుజామున గేదె, పదిహేను లీటర్ల నీళ్ళబిందె, చేనికి అన్నం గంప, మధ్యాహ్నం కోత, సాయంత్రం కల్లం. ఆయన బరువు అన్నది దేనినో ఈమెకు తెలియదు. ఈమె తేలిక అనుకునేది ఏమిటో ఆయనకు తెలియదు. ఇద్దరి మధ్యా 'గృహిణి' అన్న ఒక్క మాట అడ్డం కూర్చున్నది.

నేను డాక్టర్ని కాను. నా మేనకోడలు ఆపరేషను గదిలో నర్సు. ఆమెను కూర్చోబెట్టి అడిగి తెలుసుకున్నది చెబుతాను.

ఈ ఆపరేషనులో ఏదో పైచర్మం కాస్త కత్తిరిస్తారని చాలామంది అనుకుంటారు. కాదు. పొత్తికడుపు కింద, ఒక తుంటి నుంచి రెండో తుంటిదాకా కోసి, చర్మాన్ని పక్కటెముకల దాకా పైకి లేపుతారు. ఎక్కువయిన చర్మాన్నీ కొవ్వునూ తీసేసి, మిగిలినదాన్ని కిందికి లాగి కుడతారు. బొడ్డును ఆ చర్మంలో కొత్తచోట అమరుస్తారు. కానుపులతో పొట్ట నడిమి కండరాలు రెండూ ఎడంగా జరిగిపోయిన తల్లులకు, వాటిని దగ్గరకు లాగి లోపల మరో వరుస కుట్టు వేస్తారు. అంటే పైకి కనిపించేది ఒక కుట్టు, లోపల కనిపించనిది ఇంకొకటి. రవికలు కుట్టే సోదరీమణులకు వేరే చెప్పనక్కరలేదు. బిగువుగా కుట్టినచోట బలం పడితే దారమైనా తెగుతుంది, గుడ్డయినా చిరుగుతుంది.

పైకుట్టు రెండు వారాల్లో మూసుకుంటుంది. చూసేవాళ్ళకు మానినట్టే వుంటుంది. కాని మూడో వారానికి ఆ గాయానికి వచ్చే గట్టిదనం మామూలు చర్మపు గట్టిదనంలో సుమారు అయిదో వంతు మాత్రమే. మూడు నెలలకు నూటికి ఎనభై వంతులకు వస్తుంది. పూర్తిగా మునుపటంత గట్టిదనం ఎన్నటికీ రాదు. పైకి లేపిన చర్మం కింది కండరానికి మళ్ళీ అంటుకోవాలి. అది అంటుకోకముందే వంగి లేస్తూంటే ఆ సందులో నీరు చేరుతుంది. సూదితో లాగించుకోవలసి వస్తుంది. అత్తగారు చూసిన కుట్టు మానిన మాట నిజమే. ఆవిడకు కనిపించని కుట్టు ఇంకా పచ్చిగానే వున్నది.

ఇదేదో కొత్తకాలపు సుకుమారం అనుకోకండి. 1794 అక్టోబరులో లండనులోని జెంటిల్మన్స్ మ్యాగజైను అనే పత్రికలో కవాస్జీ అనే మరాఠీ రైతుకులస్థుని కథ పడింది. ఇంగ్లీషువారి సైన్యంలో ఎద్దులు తోలేవాడు. 1792 నాటి యుద్ధంలో టిప్పు సుల్తానుకు చిక్కి ముక్కూ, ఒక చెయ్యీ పోగొట్టుకున్నాడు. పూనా దగ్గర ఇటుకలు చేసే కులంవాడొకడు అతని నొసటి చర్మాన్ని మలిచి కొత్తముక్కు చేశాడు. ఆ కథనంలో ముక్కు చేసిన తీరుతోపాటు రోజుల లెక్క కూడా వున్నది. 5, 6 రోజులు వెల్లకిల పడుకోవాలి. 10వ రోజున ముక్కురంధ్రాల్లో మెత్తని గుడ్డ పెట్టాలి. నొసటికీ కొత్తముక్కుకూ మధ్య మిగిల్చిన చర్మపు వంతెనను సుమారు 25వ రోజున కొయ్యాలి. ఈ పద్ధతినే పట్టుకుని జోసెఫ్ కార్ప్యూ అనే డాక్టరు 1814లో లండనులో ముక్కు ఆపరేషను చేసి, 1816లో పుస్తకం వేశాడు. ఇటుకలు చేసేవాడికి తెలిసిన లెక్క మన ఇళ్ళలో తెలియకపోవటం బాగుందా?

ఇక మిరపచేను. అందులో ఏ పని ఎంత బరువో విడివిడిగా చూడాలి. కోత అంటే గంటల తరబడి నడుం వంచి వుండటం. కోసిన కాయలు ఒడి కట్టుకుని అందులో వేసుకునే అలవాటు వున్నవాళ్ళకు ఆ ఒడి బరువంతా సరిగ్గా కుట్టు మీదే వేలాడుతుంది. సరే, కూర్చుని తాలుకాయలు ఏరటం తేలికే కదా అంటారు. నాకూ అలాగే తోచింది. మేనకోడలు నవ్వి, "ఘాటుకు దగ్గు రాదూ?" అన్నది. గట్టిగా ఒక్కసారి తుమ్మితే పొట్ట కండరాలన్నీ ఒక్కసారి బిగుసుకుంటాయి. లోపలి కుట్టుకు అది టిక్కీ ఎత్తటం లాంటిదే. పైగా కారం చేతులతో లేతమచ్చను తాకితే ఆ మంట వేరే చెప్పాలా? డాక్టరు రాసిన బిగువు బెల్టు కింద చెమట నిలిచి ఒరిసిపోతుంది కూడా.

ఇంకో సంగతి. పొత్తికడుపు మీద చర్మానికి కొన్ని నెలలదాకా స్పర్శ సరిగ్గా వుండదు. కాలినా తెలియదు, ఒరుసుకున్నా తెలియదు. స్పర్శ లేనిచోట పని ఎంత కీడు చేస్తుందో రాయవెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండు కళ్ళారా చూశాడు. 1940లలో, 50లలో ఆయన కుష్ఠురోగం వల్ల వంకరపోయిన వేళ్ళను సరిచేశాడు. వేళ్ళు బాగుపడినా ముఖం చూసి ఎవరూ పని ఇవ్వటం లేదని తెలిసి, ఊడిన కనుబొమలకూ కుంగిన ముక్కులకూ కూడా అక్కడ ఆపరేషన్లు మొదలుపెట్టారు. అందం కోసమనండి, అన్నం కోసమనండి. రెండూ ఒకటే అయినాయి. అయితే బాగుపడిన ఆ చేతులతో వడ్రంగం పనికి కూర్చున్నవాళ్ళకు మళ్ళీ పుళ్ళు పడ్డాయి. కారణం వెదికితే రోగం కాదు, పనిముట్టు. నొప్పి తెలియక సుత్తినీ ఉలినీ అతిగా బిగించి పట్టుకుంటున్నారు. పనిముట్ల పిడులు మార్చి, చేతులు రోజూ చూసుకోవటం నేర్పాక గాని ఆ బాధ తగ్గలేదు. చెయ్యి బాగుచేయటంతో ఆపరేషను పూర్తికాలేదు; చేతికి తగినట్టు పనిని మార్చాక పూర్తయింది.

మార్టూరు గ్రానైటు ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రవాళ్ళకూ ఈ మాట వర్తిస్తుంది. కాలిన మచ్చకు తొడచర్మం తెచ్చి అతికించుకుంటే, ఆ అతుకుకు మామూలు చర్మంలా చెమట పట్టదు. ఒళ్ళు చల్లబడటం కష్టమవుతుంది. ఎండలో పనిచేసేవాడు ఆ సంగతి మేస్త్రీకి ముందే చెప్పుకోవాలి.

మరి మార్టూరు సోదరికి నా జవాబు ఇది. అమ్మా, ఇప్పుడు కోతకు వెళ్ళకు. అలాగని మంచానికి అతుక్కుపోకు. ఇంట్లో, పెరట్లో రోజుకు నాలుగయిదుసార్లు మెల్లగా నడువు. కదలకుండా పడుకుంటే కాళ్ళలో నెత్తురు గడ్డకట్టే ప్రమాదం వున్నది. ఆరు వారాలదాకా నాలుగయిదు కిలోలు మించి ఎత్తకు. నీళ్ళబిందె దానికి మూడింతలు. చిన్నపిల్లవాణ్ణి చంకనెత్తుకోక, నువ్వు కూర్చున్నాక ఒళ్ళోకి రమ్మను. ఆరు వారాలు దాటాక, నీ డాక్టరు చూసి సరేనంటే, చల్లటిపూట ఒక గంట కోత, ఒడి లేకుండా, పక్కన బుట్ట పెట్టుకుని. ఒంట్లో బాగుంటే వారానికొక గంట పెంచు. టిక్కీ సంగతి మూడు నెలల తరువాత డాక్టర్ని అడిగి చూద్దాం. అదీ ఇద్దరు పట్టి ఎత్తేది. పొట్ట ఒకవైపు ఉబ్బినా, నీళ్ళు ఆడినట్టు అనిపించినా, కుట్టు ఎర్రబడి జ్వరం వచ్చినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళు. పిక్క వాచి నొప్పి పుట్టినా, ఊపిరి ఆడకపోయినా ఆ గంటలోనే వెళ్ళాలి. ఇవన్నీ నీ డాక్టరుకు చదివి వినిపించి, ఆయన చెప్పిన మార్పులు చేసుకో. నా మాటకన్నా ఆయన మాట గొప్పది, నీ పని ఏమిటో ఆయనకు తెలిసిన తరువాత.

అత్తగారితో ఒక మాట. అమ్మగారూ, మీ కష్టం నాకు తెలుసు. పండిన కాయ చెట్టుమీద ఆగదు. కాని పెళ్ళికోసం కోయించుకున్న పొట్ట అయినా, పేగు నొప్పికి కోయించుకున్న పొట్ట అయినా మానటానికి పట్టే రోజులు అవే. ఎందుకు కోశారో ఒంటికి తెలియదు. ఇప్పుడు నాలుగు రోజుల కూలి మిగులుతుందని పిలిస్తే, లోపలికుట్టు తెగి మళ్ళీ ఆసుపత్రికి పోవలసి వస్తే ఆ ఖర్చు ఎవరిది? మిల్లులో పనిచేసే మనిషికి ఈఎస్ఐ ఇప్పించే చట్టం వున్నది. అర్హత వున్నవారికి జబ్బురోజులకు జీతంలో నూటికి డెబ్బయి వంతులు, ఏడాదికి 91 రోజులదాకా ఇస్తారు. సొంతచేలో పనిచేసే కోడలికి ఆ చట్టం లేదు. ఆమెకు మీరే చట్టం.

ఇటువంటి ఆపరేషను తలపెట్టినవారు ముందు పంచాంగంతోపాటు పంటకాలం కూడా చూసుకోండి. మిరప, పత్తి పండించేవారికి కార్తికం మొదలు చైత్రం దాకా తీరిక వుండదు. ఆఖరి కోత అయ్యాక, తొలకరికి ముందు మంచిది. ఎండలకు చెమట బాధ వుంటుంది, నిజమే. బరువు బాధకన్నా చెమట బాధ నయం.

అన్నిటికన్నా ముందు ఆ అచ్చుకాగితం చేతికి ఇచ్చినప్పుడు, 'వృత్తి' అన్నచోట గృహిణి అని ఒక్క మాటతో సరిపెట్టుకోకండి. మిరపకోత, కల్లం పని, నలభై కిలోల బరువులు, రెండు గేదెలు, రోజుకు పది బిందెల నీళ్ళు అని రాయించండి. చోటు చాలకపోతే కాగితం వెనకవైపు రాయించండి.