కిర్‌స్టెన్ సినెమా: శాసనసభ నుంచి లాబీ దాకా

అమెరికా సెనేటులో అరిజోనా ప్రతినిధిగా ఉండిన సినెమాను ద్రోహి అని తిట్టి ఊరుకునేవారున్నారు. ఆ తిట్టు వ్యవస్థకు ఉపకారమే చేస్తుంది.

సాంఘిక సేవికగా పనిచేసిన ఈమె 2002లో గ్రీన్ పార్టీ అండతో రాష్ట్ర శాసనసభకు పోటీచేసి ఓడింది. 2004లో డెమొక్రాట్‌గా గెలిచింది. 2021 మార్చిలో, గంటకు 15 డాలర్ల కనీస వేతనం ఓటుకు రాగా, బొటనవేలు కిందికి తిప్పి చూపింది. అందరికీ గుర్తున్నది ఆ వేలే. నాకు మటుకు 2022 ఆగస్టు ముఖ్యం.

పెట్టుబడి నిధుల నిర్వాహకులు తమ లాభపు వాటాను జీతంగా కాక మూలధన లాభంగా లెక్క చూపుతారు. జీతంపై పన్ను గరిష్ఠంగా నూటికి 37. ఆ లాభంపై 20. ఈ సందును కొంతైనా మూసి, పదేళ్ళలో 1400 కోట్ల డాలర్లు రాబట్టగలదని అంచనా వేసిన నిబంధన ఒకటి బిల్లులో ఉండేది. సరిసమానంగా చీలిన సభలో ఆమె ఓటు లేనిదే బిల్లు నెగ్గదు. నిబంధన పోయింది, ఓటు వచ్చింది!

ఇందులో స్త్రీ పురుష భేదమేమీ లేదు. 2003లో మందుల చట్టాన్ని నడిపించిన బిల్లీ టాజిన్ 2005లో మందుల కంపెనీల సంఘానికే అధిపతి అయ్యాడు.

సినెమా పదవీకాలం 2025 జనవరిలో ముగిసింది. మార్చిలో హోగన్ లోవెల్స్ అనే న్యాయ, లాబీ సంస్థలో చేరింది. మాజీ సెనేటరు రెండేళ్ళపాటు కాంగ్రెసు వద్ద లాబీ చేయరాదని చట్టం ఉంది. సలహా ఇవ్వరాదని లేదు. ఎవరి తలుపు ఎప్పుడు తట్టాలో పక్కన కూర్చుని చెప్పవచ్చు, తట్టేది మరొకరు.