కుట్టుకూలి ఎంత చెప్పాలి?

ఇంటిపట్టునే ఉండి జాకెట్లు కుడుతూ నాలుగు రాళ్లు సంపాదించుకుంటున్న సోదరీమణులకు ఈమధ్య కొత్త బెంగ పట్టుకుంది. కుట్టిన జాకెట్టు ఫోటో వాట్సాప్‌లో పెట్టారో లేదో, "ఫలానా చోట లైనింగుతో సహా 200కే కుడుతున్నారుగా!" అని జవాబు. వెంటనే మనవాళ్లు ఏం చేస్తారు? 180కి దిగుతారు. వద్దమ్మా, ఆ పోటీ మనకొద్దు!

ముందు కాగితం, పెన్సిలు తీసుకోండి. లైనింగు గుడ్డ, హుక్కులు, దారం కలిపి 100 రూపాయలనుకుందాం. కరెంటుకీ, మిషను రిపేరుకీ 20. కొలతలు, కటింగు, కుట్టు, చేతిపని, ఇస్త్రీ... అంతా కలిపి మూడు గంటలు. గంటకి 80 వేసుకున్నా 240. మొత్తం 360. మీరు 180 తీసుకుంటే గంటకి మిగిలేది 20 రూపాయలే! రాత్రి వంటిల్లు సర్దుకున్నాక మెడ డిజైన్ల గురించి అరగంటసేపు ఇచ్చే జవాబులు ఈ లెక్కలో లేనే లేవు. మన టైముకి విలువేమిటిలే అనుకోబట్టే ఈ తంటా.

రాజేంద్రనగర్ వాళ్ల సంగతే చూడండి. 2008లో శంషాబాద్‌లో విమానాశ్రయం వచ్చింది. 2009లో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పి.వి. ఎక్స్‌ప్రెస్ వే వచ్చింది. అటు వాళ్లు మీ దగ్గరికి రావడం ఎంత తేలికో, మీ వాళ్లు అటు వెళ్లడమూ అంతే తేలిక. ఇక ఫోనులో బేరమాడేవాళ్లకి ఆ దారి కూడా అక్కర్లేదు! అందుకని రేటుతో కాదు, పనితనంతో కట్టిపడేయాలి.

జాకెట్టు పైభాగం ఫోటో అందరూ పెడతారు. మీరు లోపలి వైపు తిప్పి చూపించండి. కుట్టుకి అటూ ఇటూ గుడ్డ వదిలారనీ, ఒళ్లు వస్తే విప్పుకోవచ్చనీ రాయండి. లైనింగు ముందే తడిపి ఆరేసి కుట్టారనీ, ఉతికాక కుంచించుకుపోదనీ చెప్పండి. ఈ మాటలు ఆడవాళ్లకి ఇట్టే అర్థమవుతాయి. (తొడుక్కున్న మనిషి ఫోటో మాత్రం అడక్కుండా పెట్టకండి!) "ఎల్లుండి ఫ్లైటు" అని వచ్చేవాళ్లకి అర్జెంటు రేటు ముందే చెప్పి, సగం అడ్వాన్సు తీసుకోండి.

మరి పాతవాళ్లకి రేటు పెంచడమెలా అంటారా? శ్రావణమాసం రద్దీలో కాదు, ఆషాఢంలోనే చెప్పేయండి. కొందరు మానేస్తారు, మానెయ్యనివ్వండి. 200 చొప్పున ఆరు జాకెట్లు కుడితే చేతికి మిగిలేది 480. 360 చొప్పున రెండు కుట్టినా అంతే!