కొత్త కెమెరా కొన్నవాళ్లకు ఒక మాట: డబ్బా అడుగున ఉన్న కాగితం పారేయకండి

పోస్టు కొంచెం పెద్దగా ఉంటుంది. డ్యూటీలో కాకుండా రూముకు పోయినంక, తిన్నంక తీరికగా చదవండి.

మొన్న జీతాలు పడ్డ తెల్లారే మా రూములో ఒక తమ్ముడు కెమెరా కొనుక్కొచ్చాడు. వచ్చే నెల సెలవు మీద ఊరికి పోతున్నాడు, చెల్లె పెండ్లి ఉంది. డబ్బా విప్పి కెమెరా తీశాడు, లెన్స్ తీశాడు, ఛార్జర్ తీశాడు. అడుగున ఉన్న కాగితాలను అట్లనే ఉంచి డబ్బాను మంచం కిందికి తోసేశాడు. "ముందుగాల అది చదువు తమ్మీ" అన్నాను. నవ్వాడు. "యూట్యూబుల అన్నీ ఉన్నయి గదన్నా, గవన్నీ ఎవరు చదువుతరు" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. నాలుగేళ్ల కింద నేను కూడా నా కెమెరా డబ్బాను అచ్చం గట్లనే మంచం కిందికి తోశాను. దాని వల్ల నాకు ఏం పోయిందో ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడు చెప్తా.

నాది ఏసీ టెక్నీషియన్ పని. షార్జాలో పదకొండేళ్ల నుంచి ఉన్నాను. పెద్ద యూనిట్ ప్యానెల్ తెరిస్తే మూత లోపలివైపు వైరింగ్ డయాగ్రం అతికించి ఉంటుంది. అది చూడకుండా ఒక్క వైరు ముట్టుకోను. డిస్‌ప్లే మీద ఎర్రర్ కోడ్ వస్తే సర్వీస్ మాన్యువల్ తెరిచి, ఆ కోడ్‌కు అర్థం ఏందో చూసుకున్నాకే స్క్రూడ్రైవర్ పడతాను. కొత్తగా వచ్చిన హెల్పర్ చూడకుండా చెయ్యి పెడితే నేనే తిడతాను. అలాంటి నేను, రెండు నెలల ఓవర్‌టైం డబ్బులు పోసి కొన్న నా సొంత కెమెరా పుస్తకం ఒక్క పేజీ తిప్పలేదు. కంపెనీ సామానుకు ఇచ్చే మర్యాద నా సామానుకు ఇవ్వలేదు.

ఆసారి సెలవుకు పోయినప్పుడు మొదటి వారమంతా మా బాపును ఫోటోలు తీశాను. పసుపు చేనులో నిలబడి ఉన్నవి, గట్టు మీద కూర్చొని చుట్ట కాలుస్తున్నవి, తువ్వాల తలకు చుట్టుకొని బర్రెను తోలుకొస్తున్నవి. ఆయన ఫోటోకు నిలబడే మనిషి కాదు. "నన్నేం తీస్తవురా, నీ పిల్లల్ని తీసుకో" అనేవాడు. అయినా వెంటపడి నలభై దాకా తీశాను. అవి ఎంత ముఖ్యమో తెలుసు కాబట్టి ఒక్కోదానికి తాళంచెవి గుర్తు కూడా పెట్టుకున్నాను. ఆ గుర్తు పెడితే ఫోటో చెరిగిపోదని ఒక వీడియోలో చూశాను.

రెండో వారంలో మా తమ్ముని పెండ్లి. సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే టైముకు కార్డు నిండిపోయిందని స్క్రీన్ మీద వచ్చింది. చుట్టూ బాజాలు, పిలుపులు, తొందర. మెనూలోకి పోతే ఫార్మాట్ అని కనబడింది. తాళం వేసినవి ఉంటాయి, మిగతావి పోతే పోనీ అనుకొని నొక్కేశాను. కార్డు ఖాళీ అయింది. ఏం పోయిందో చూసుకునే తీరిక లేదు, తీస్తూ పోయాను. మూడొందల పైనే పెండ్లి ఫోటోలు తీశాను. రాత్రి అందరూ పడుకున్నాక వెనక్కి తిప్పి చూస్తే బాపు ఫోటో ఒక్కటి కూడా లేదు.

కరీంనగర్‌లో ఫోటోలు తిరిగి తీసిచ్చే షాపుకు పోయాను. ఆ పిల్లగాడు మంచోడు, ఓపికగా చెప్పాడు. ఫార్మాట్ కొట్టగానే సాధారణంగా ఫోటోలు చెరిగిపోవంట, వాటి జాబితా మాత్రమే పోతుందంట. అప్పుడే ఆ కార్డు తీసి పక్కన పెట్టుకుంటే చాలావరకు తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. నేను దాని మీదనే మూడొందలు తీశాను కాబట్టి పాతవాటి జాగాలో కొత్తవి వచ్చి కూర్చున్నాయి. ఆఖరికి మూడు దొరికాయి. ఒకదాంట్లో బాపు ముఖం సగం ఉంది, మిగతా సగం బూడిద రంగు.

ఆయన ఇంట్లోనే ఉన్నాడు కదా, మళ్లీ తీసుకోవచ్చులే అనుకున్నాను. పెండ్లి పనులు, చుట్టాలు, అప్పులోళ్లు, అంతలోనే తిరుగు ప్రయాణం. ఐదు నెలలకు బాపు పోయాడు. నేను టికెట్ దొరికించుకొని పోయేసరికి అంతా అయిపోయింది. ఈరోజు మా ఇంట్లో దండ వేసి ఉన్నది ఆధార్ కార్డు మీది ఫోటోను పెద్దగా చేయించినది.

షార్జాకు తిరిగి వచ్చాక ఆ కెమెరా పూర్తి మాన్యువల్ వెతికి చదివాను. ఫార్మాట్ గురించి ఉన్న పేజీలోనే, గమనిక అని గీత గీసి మరీ రాసి ఉంది: ఫార్మాట్ చేస్తే కార్డులోని సమస్తం పోతుంది, తాళం గుర్తు పెట్టినవి కూడా పోతాయి అని. అర నిమిషం చదివితే అయిపోయే మాట. డిలీట్‌కు తాళం అడ్డం పడుతుంది, ఫార్మాట్‌కు పడదు. వీడియోలో మొదటి సగం చెప్పారు, రెండో సగం చెప్పలేదు.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా. వీడియో చూడటం తప్పు కాదు, నేనూ చూస్తాను. కానీ వీడియో చేసినాయన తనకు నచ్చిన సంగతి చెప్తాడు, అందమైన ఫోటో ఎట్ల తీయాలో చూపిస్తాడు. ఏం చేస్తే ఏం పోతుందో వరుసగా రాసేది తయారు చేసినవాడు ఇచ్చిన పుస్తకమే. వీడియోను వంట చూసినట్టు చూడాలి, పుస్తకాన్ని మందు సీసా మీది కాగితం చూసినట్టు చూడాలి.

"డబ్బాలో పుస్తకమే లేదన్నా, నాలుగు పేజీల కాగితమే ఉంది" అని కొందరు అంటారు. నిజమే. ఇప్పుడు చాలా కెమెరాల డబ్బాల్లో మొదలుపెట్టే పద్ధతి, జాగ్రత్తలు రాసిన సన్న కాగితమే వస్తుంది. అసలు పుస్తకం వందల పేజీల పీడీఎఫ్, కంపెనీ వెబ్‌సైటులో ఉచితంగా ఉంటుంది. ఆ సన్న కాగితం మీద దాని అడ్రసో, స్కాన్ చేసే గుర్తో ఉండొచ్చు. అందుకే పారేయొద్దు అంటున్నా.

వెతికేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఒకటి, మోడల్ పేరు కెమెరా మీద చూసి, అక్షరం అంకె తప్పు పోకుండా కొట్టాలి. ఒకే కెమెరాకు దేశాన్ని బట్టి పేరు మారుతుంది. ఉదాహరణకు 2018లో వచ్చిన కెనాన్ 2000డి ఉంది కదా, ఇండియాలో అదే 1500డి, అమెరికాలో రెబెల్ టీ7. ఇక్కడ కొన్న కెమెరాకు ఊర్లో బామ్మర్ది వేరే పేరుతో పుస్తకం పంపితే కంగారు పడొద్దు, కానీ కెమెరా ఒకటేనా కాదా అని ఒకసారి చూసుకోవాలి. రెండోది, కంపెనీ సొంత సైటులోనే దింపుకోవాలి. పుస్తకం కోసం కార్డు నంబరు అడిగే సైటు, ఏదో ప్రోగ్రామ్ ఎక్కించుకోమనే సైటు కనబడితే వెంటనే బయటికి రండి.

పీడీఎఫ్ దింపుకుంటే ఇంకో లాభం ఉంది. మూడొందల పేజీలు చదవాల్సిన పని లేదు. వెతికే పెట్టెలో ఫార్మాట్ అనే ఇంగ్లీషు మాట కొడితే ఆ పేజీకే తీసుకుపోతుంది. ఫోన్‌లో ఉంటుంది కాబట్టి పెండ్లి పందిట్లో కూడా తీసి చూడొచ్చు. నాకు ఆరోజు అది ఉండి ఉంటే బాగుండేది.

"ఇంగ్లీషు రాదన్నా" అనే మాట దగ్గరికి వద్దాం. ఇది సాకు కాదు, నిజమైన ఇబ్బంది. మా దాంట్లో పదో తరగతి దాటనివాళ్లే ఎక్కువ. ఫోన్ కెమెరాను పేజీ మీద పెడితే తెలుగులోకి మార్చిచ్చే సౌకర్యం ఉంది, వాడుకోండి. కాకపోతే దాన్ని గుడ్డిగా నమ్మొద్దు. నాకు ఒకసారి వరసగా ఫోటోలు తీసే పద్ధతిని 'నిరంతర కాల్పులు' అని చూపించింది. రూములో అందరం పడీ పడీ నవ్వాం. నవ్వు సంగతి సరే, హెచ్చరిక ఉన్న పేజీలో గట్ల తప్పు పడితే ఎట్లా?

ఇక్కడ కెమెరా కంపెనీలకు కూడా ఒక మాట చెప్పాలి. నికాన్ కెమెరాల్లో చాలావాటి మెనూ భాషల వరుసలో తెలుగు ఉంది. చూసినరోజు నాకు చాలా సంతోషమైంది. కానీ కెమెరా స్క్రీన్ మీద తెలుగు పెట్టుకుంటే చేతిలో పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, వీడియో ఇంగ్లీషు మెనూ చూపిస్తుంది. ఈ మాట ఆ మాట కలవదు, మనిషి ఇంకా తికమక పడతాడు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలోనే తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల పైన ఉన్నారు. మా డబ్బులు తీసుకునేటప్పుడు లేని భాష అడ్డం, పుస్తకం ఇచ్చేటప్పుడు ఎందుకు? మొత్తం మూడొందల పేజీలు వద్దు. ప్రాణం లాంటి పది పేజీలు తెలుగులో ఇవ్వండి చాలు.

వాళ్లు ఇచ్చేదాకా మనం ఆగలేం కాబట్టి, ఊరికి పోయేముందు తప్పకుండా చదవాల్సినవి నేను ఐదు అనుకుంటా.

మొదటిది ఫోటోలు చెరిపే పేజీలు: డిలీట్, తాళం గుర్తు, ఫార్మాట్. నా కథ చెప్పాను, మళ్లీ చెప్పను. కార్డు ఖాళీ చేసేముందు ఇంకో చోట కాపీ ఉందా లేదా చూసుకోండి. రెండో కార్డు ఒకటి జేబులో పెట్టుకోండి.

రెండోది తేదీ, టైము. ఇక్కడి టైముకు ఇండియా టైముకు గంటన్నర తేడా. నేను మార్చలేదు. తర్వాత మా బావ కెమెరాలోవి, నావి కలిపి టైము ప్రకారం పేరిస్తే తలంబ్రాలు అయిపోయినంక జీలకర్ర బెల్లం వచ్చింది.

మూడోది, కంటితో చూసే కిటికీ పక్కన ఉండే చిన్న చక్రం. అది మన చూపుకు తగ్గట్టు సరిచేసుకునేది. మా సైటులో కండ్లద్దాలు పెట్టుకునే ఒక అన్న, కెమెరా మసకగా కనబడుతుందని, ఖరాబు మాల్ ఇచ్చారని షాపుకు కొట్లాటకు పోయాడు. షాపాయన ఆ చక్రం రెండుసార్లు తిప్పి ఇచ్చాడు.

నాలుగోది, లెన్స్ పక్కన ఉండే ఏఎఫ్, ఎంఎఫ్ మీట. బ్యాగులో రాసుకొని అది ఎంఎఫ్ మీదికి జరిగితే కెమెరా తనంతట తాను ఫోకస్ చేయదు. ఎవరో చుట్టం చేతికిచ్చి తీయమంటే అన్నీ మసకే.

ఐదోది, వేడి, చెమ్మ గురించిన జాగ్రత్తలు. ఎండలో నిలిపిన బండిలో కెమెరా వదలొద్దని పుస్తకాల్లో ఉంటుంది. గల్ఫ్ ఎండ సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. అట్లనే చల్లటి రూములోంచి ఒక్కసారి వేడి గాలిలోకి తీస్తే లెన్స్ మీద, లోపల చెమ్మ పడుతుంది. ముందే ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టి, బయటి వేడికి అలవాటు పడ్డాక తీయమంటారు. చల్లటి పైపు మీద నీళ్లు ఎందుకు పడతాయో రోజూ పదిమందికి చెప్పే ఏసీ వాణ్ణి నేను. ఆగస్టులో లెన్స్ తెల్లగా పొగ కమ్మితే కెమెరా చెడిపోయిందని భయపడ్డాను. చదివి ఉంటే నా పనిలోని సంగతే అని తెలిసిపోయేది.

ఆలోచిస్తే ఇది కెమెరా ఒక్కదాని సంగతి కాదు. మనం చాలామందిమి అగ్రిమెంటు చదవకుండానే సంతకం పెట్టి వచ్చినవాళ్లం. ఎవరో ఒకరు చెప్తారులే అనే అలవాటుతోనే విమానం ఎక్కాం. చెప్పినవాళ్లు సగమే చెప్పారు. మిగతా సగం ఇక్కడికి వచ్చాక తెలిసింది. కాగితం మనకోసం కాదు, చదువుకున్నోళ్ల కోసం అనే భయం ముందు పోవాలి. సొంతంగా కొన్న వస్తువుతోనైనా ఆ భయం పోగొట్టుకోవచ్చు. తప్పు చదివినా అడిగేవాడు లేడు, జీతం కోసేవాడు లేడు.

నిన్న రాత్రి మా రూము తమ్ముడికి ఈ కథంతా చెప్పాను. ఏం మాట్లాడలేదు. కొంచెం సేపటికి మంచం కింది డబ్బా బయటికి లాగి ఆ సన్న కాగితం తీశాడు. ఇద్దరం కూర్చొని పీడీఎఫ్ దింపుకొని, పైన చెప్పిన ఐదు సంగతులు అతని కెమెరాకు ఎట్లనో చూసి తెలుగులో ఒక్క పేజీ రాశాం. దాన్ని మడిచి కెమెరా బ్యాగు జేబులో పెట్టుకున్నాడు.

మీలో ఇంగ్లీషు చదవగలిగినవాళ్లు పక్క మంచం వాళ్లకు ఒక్క పేజీ గట్ల రాసి ఇవ్వండి. రాసిచ్చేవాళ్లు దొరకకపోతే మీ కెమెరా మోడల్ పేరు నాకు పంపండి, సెలవురోజు కూర్చొని నాకు అర్థమైనంతవరకు రాసి ఇస్తా. డబ్బులు వద్దు.

ఇంకో మాట. ఈ పోస్టుకు లైకు తర్వాత కొట్టొచ్చు. మీ అవ్వ, బాపుల ఫోటోలు ఒక్క కార్డులోనే ఉంటే, ముందు లేచి వాటిని ఇంకో చోటికి కాపీ చేసుకోండి.