సముద్రానికి పుట్టిల్లేది?

లాటిన్ వాళ్ళు సముద్రాన్ని ‘మారె’ అన్నారు. రష్యన్లు ‘మోర్యె’ అంటారు, జర్మన్లు ‘మేర్’, వేల్సు వాళ్ళు ‘మోర్’. ఇంతవరకూ పేచీ లేదు. పేచీ ఎక్కడొస్తుందంటే, మనవాళ్ళలో ఓ పెద్దమనిషి లేచి “ఇదంతా మన ‘మరు’ శబ్దమేనండీ!” అన్నప్పుడు. మరువంటే ఎడారి కదా అని అడిగామనుకోండి, “అది ఇసుక సముద్రం, ఇది నీటి ఎడారి” అంటాడు. సభలో చప్పట్లు.

ఆ లెక్కన మన ‘మేర’ ఏం పాపం చేసింది? మేర అంటే హద్దు, నేలకి హద్దు సముద్రం, కనక రోము వాళ్ళు తెలుగు నేర్చుకున్నారు! చెవికి ఒక్కలా వినిపించడమే చుట్టరికమైతే ప్రపంచమంతా వియ్యంకులే.

ఫిన్లాండు వాళ్ళూ ‘మెరి’ అంటారు. వాళ్ళ భాషకి లాటిన్‌తో రక్తసంబంధం లేదు, పొరుగువాళ్ళ దగ్గర ఎరువు తెచ్చుకున్నారంతే. గ్రీకుల సంగతి మరీ తమాషా. చుట్టూ సముద్రమే అయినా, వాళ్ళ ‘థాలస్సా’ తమకన్నా ముందు అక్కడున్నవాళ్ళ మాటేనని పండితుల అభిప్రాయం. ఇక జర్మన్లకి సముద్రమైన ‘మేర్’, పక్కింటి డచ్చివాళ్ళకి వట్టి సరస్సు. డచ్చివాళ్ళ సముద్రం ‘జే’. అదే మాట జర్మన్‌లో పుంలింగమైతే సరస్సు, స్త్రీలింగమైతే సముద్రం! ఇంగ్లీషు ‘సీ’ కూడా ఈ ఇంటిదే. ఈ ఇల్లు దాటితే దాని చుట్టాలెవరో తేలలేదని అక్కడి పండితులే ఒప్పుకున్నారు. మనవాళ్ళకే తేలనిది లేదు.

అసలు చుట్టరికం కావాలా? ‘సముద్రం’లోనే ఉంది. అందులోని ‘ఉద’ అంటే నీరు. గ్రీకు ‘హ్యుదోర్’, రష్యన్ ‘వొద’, ఇంగ్లీషు ‘వాటర్’ దానికి అక్కచెల్లెళ్ళు. గ్రీకులు సముద్రాన్ని ‘పొంతొస్’ అని కూడా అన్నారు. అది ‘పంథా’కి బంధువు. ఓడ నడిపేవాడికి సముద్రం దారే మరి. ఇంట్లో ఇంత బంగారం ఉండగా గిల్టునగలెందుకండీ?

1786లో కలకత్తాలో విలియం జోన్సు చెప్పింది సంస్కృతం తల్లి అని కాదు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒక తల్లి బిడ్డలని, ఆ తల్లి బహుశా ఇప్పుడు లేదని. 1816లో కేంబెల్ తెలుగు వ్యాకరణపు ఉపోద్ఘాతానికి రాసిన గమనికలో ఎల్లిస్, తెలుగు సంస్కృతంలోంచి పుట్టలేదని చూపించాడు. రెండు వందల ఏళ్ళు దాటినా, ‘కడలి’ ఎక్కడిదని బడిపిల్లాడు అడిగితే సంస్కృతమని కసిరే పంతుళ్ళు ఇంకా ఉన్నారు. కడలి కోసం రోముదాకా ఓడెక్కనక్కర్లేదు. సూళ్ళూరుపేట దాటి నాలుగడుగులు వేస్తే చాలు, ‘కడల్’ అని వినిపిస్తుంది.